జపాన్ కొండ మీద రోప్‌వే ఎందుకు వేశారు, ఎందుకు ఆపారు? హకోనే కథ

మాది ఐ.పోలవరం. ఐ అంటే ఐలాండ్ అండి, అంటే లంక. ఎటు చూసినా కొబ్బరితోటలు, కాలవలు, వరిచేలు. చిన్న గుట్ట కూడా కనపడదు. మేము కొండెక్కాలంటే అన్నవరం వెళ్లాలి, లేకపోతే శ్రీశైలమో తిరుపతో పోవాలి. అలాంటి ఊళ్లో పుట్టిన నేను ఇవాళ జపాన్‌లో ఒక కొండ గురించి చెప్తాను. పేరు హకోనే.

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. తీగ మీద వేలాడుతూ పోయే పెట్టెలు, కింద లోయలోంచి తెల్లటి పొగ, మబ్బు లేకపోతే దూరంగా ఫ్యూజీ పర్వతం. చాలామంది ఆ వీడియో చూసి లైక్ కొట్టి వెళ్లిపోతారు. నాకు మాత్రం రెండు ప్రశ్నలు వచ్చాయి. ఆ తీగ అక్కడ ఎందుకు వేశారు? ఎప్పుడైనా ఆపారా? రెండో ప్రశ్న గుర్తుపెట్టుకోండి. దానికోసం చివర్లో మన గోదావరి దగ్గరికి రావాలి.

ముందు దారి చెప్తాను. టోక్యోలో షింజుకు స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే సుమారు గంటన్నరలో హకోనే చేరతారు. అక్కడ చిన్న కొండ రైలు ఎక్కి గోరా అనే ఊరు వెళ్లాలి. గోరా నుంచి కేబుల్ కారు. కేబుల్ కారు అంటే గాల్లో వేలాడేది కాదండోయ్. పట్టాల మీదే ఉంటుంది, పైనుంచి తాడు లాగుతుంది. అది దిగాక అసలు రోప్‌వే మొదలవుతుంది. మొత్తం 4 కిలోమీటర్లు. మధ్యలో ఓవకుదాని అనే లోయ దాటించి, అవతల అషి అనే సరస్సు ఒడ్డున దింపుతుంది.

ఓవకుదాని స్టేషన్ 1,044 మీటర్ల ఎత్తులో ఉంది. హకోనే అంటే బతికున్న అగ్నిపర్వతం. సుమారు 3,000 ఏళ్ల కిందట అది పేలినప్పుడు ఈ లోయ ఏర్పడింది. ఇప్పటికీ నేలలోంచి ఆవిరి, గంధకం వాసన వస్తూనే ఉంటాయి. దీని పాత పేరు జిగొకుదాని, అంటే నరక లోయ. 19వ శతాబ్దంలో మెయిజీ చక్రవర్తి ఇటు వచ్చిన సందర్భంలో, రాజుగారు నరకానికి వెళ్లారంటే బాగుండదని పేరు మార్చేశారు. ఇక్కడి వేడినీళ్లలో కోడిగుడ్లు ఉడకబెట్టి అమ్ముతారు. నీళ్లలో ఉన్న ఇనుము, గంధకం కలిసి పెంకు నల్లగా అయిపోతుంది. ఒక్క గుడ్డు తింటే ఏడేళ్ల ఆయుష్షు పెరుగుతుందని అక్కడివాళ్ల నమ్మకం.

కింద ఊళ్లలో స్నానాల సత్రాలు ఉంటాయి. వేడినీటి ఊటని వాళ్లు ఒన్‌సెన్ అంటారు. 1948లో దీనికి ఒక చట్టమే చేశారు. నేలలోంచి వచ్చే నీళ్లు 25 డిగ్రీలైనా ఉండాలి, లేకపోతే చట్టం చెప్పిన ఖనిజాలైనా ఉండాలి. అప్పుడే ఒన్‌సెన్ అన్న పేరు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. గోరా కేబుల్ కారు 1921లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం టైములో, 1944లో, అవసరం లేని లైన్ అని ప్రభుత్వం ఆపించింది. మళ్లీ 1950లో నడిచింది. యుద్ధం అయ్యాక జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, సెలవు రోజు కొండకి రావడం మొదలుపెట్టారు. దాంతో రెండు పెద్ద రవాణా కంపెనీల మధ్య పోటీ వచ్చింది. ఒకటి ఓదక్యు, ఇంకోటి సెయిబు. కొండ మీద సెయిబు వాళ్లు సొంతంగా వేసుకున్న టోల్ రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద అవతలి కంపెనీ పక్షం బస్సులు తిరగడానికి వీల్లేదన్నారు. కేసులు పడ్డాయి, సరస్సులో పడవల మీదా గొడవే. జపాన్‌లో దీన్ని హకోనే కొండ యుద్ధం అనే పిలుస్తారు. నవల కూడా వచ్చింది.

రూటు కోసం బస్సుల వాళ్లు కొట్టుకోవడం మనకీ తెలిసిందే. కానీ ఇక్కడ జరిగింది చూడండి. రోడ్డు మీద రానివ్వకపోతే గాల్లో పోతామన్నారు ఓదక్యు వాళ్లు. 1959లో రోప్‌వే మొదటి భాగం, 1960లో సరస్సు దాకా మిగతా భాగం పూర్తి చేశారు. ఇప్పుడు మనం అందంగా ఉందని వీడియో తీసుకునే ఆ తీగ, నిజానికి అవతలివాడి రోడ్డు తొక్కకుండా సరస్సు చేరడానికి వేసిన దారి.

ఇక రెండో ప్రశ్న. 2015 ఏప్రిల్ చివర్లో హకోనేలో చిన్న చిన్న భూకంపాలు పెరిగాయి. మే 6న ప్రమాద హెచ్చరిక స్థాయి పెంచారు. రోప్‌వే మొత్తం ఆపేశారు. అప్పటికి కొండ పేలలేదండి. పేలొచ్చు అన్న అనుమానానికే ఆపారు. జూన్ చివర్లో నిజంగానే చిన్న పేలుడు జరిగి బూడిద లేచింది. ఆ లోయలో అప్పటికి టూరిస్టులు లేరు. తర్వాత ముక్కలు ముక్కలుగా తెరుస్తూ, మొత్తం లైన్ నడిపేసరికి 2016 జూలై వచ్చింది. అంటే దాదాపు 15 నెలలు. టికెట్ల డబ్బు పోయింది, సత్రాలకి బేరాలు పడిపోయాయి. అయినా ఆగారు. 2019 మేలో అనుమానం వస్తే మళ్లీ ఆపారు. హకోనేలో నాకు నచ్చిన విషయం ఇదే.

మన దగ్గరికి వద్దాం. శ్రీశైలంలో పాతాళగంగకి దిగే మెట్లు 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి కట్టించాడు. ఇప్పుడు రోప్‌వే కూడా ఉంది. మా నాన్నమ్మని తీసుకెళ్లినప్పుడు, "మెట్లు దిగితే ఎక్కలేనురా అబ్బాయ్, నువ్వెళ్లి నీళ్లు పట్రా" అంది. రోప్‌వే ఎక్కించాను. కిందకి దిగి కృష్ణలో చెయ్యి పెట్టి తలమీద చల్లుకుంది. మోకాళ్లు పనిచెయ్యనివాళ్లని నీళ్ల దాకా చేర్చడానికే రాజు మెట్లు కట్టించినా, మనం తీగ వేసినా. వేడినీళ్లు కూడా మనకున్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మా ఊరి పక్కన పారేది ఆ గోదావరే.

మన దేశంలో ఇలాంటి తీగ తప్పిన రోజు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్‌లో దేవ్‌ఘర్ దగ్గర త్రికూట కొండ రోప్‌వే ప్రమాదంలో జనం గాల్లో ఇరుక్కుపోయారు. హెలికాప్టర్లతో దింపాల్సి వచ్చింది. ముగ్గురు చనిపోయారు.

కోనసీమలో రోప్‌వే లేదు కదా, మనకెందుకు అంటారా? మనకి తీగ లేదు, పడవ ఉంది. ఎవరో నడిపే దాని మీద ప్రాణం పెట్టి దాటడం రెండు చోట్లా ఒకటే. 2018 జూలై 14న మా ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడి పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కిన నాటు పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి గౌతమిలో బోల్తా పడింది. ఆడపిల్లలు పోయారు. ఇల్లు అవతలి గట్టున ఉంది, అంతే వాళ్లు చేసిన తప్పు. మరుసటి ఏడాది, 2019 సెప్టెంబర్ 15న, గోదావరి వరద మీద ఉండగా పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. పదుల సంఖ్యలో పోయారు.

హకోనేలో టూరిస్టుకి ఒక రోజు కొండ కనపడకపోతే ఇంకో రోజు వస్తాడు. లంకలో పిల్లకి ఇల్లు చేరడానికి ఇంకో దారి లేదు. కాబట్టి మనకి ఆపడం ఒక్కటే సరిపోదు. ఆపిన రోజు పిల్లలు ఎలా ఇల్లు చేరాలో కూడా ముందే చూడాలి. ఏరు పోటు మీద ఉంటే రేవులో పడవ కట్టేసే అధికారం ఒకరికి ఉండాలి, ఆ రోజు కూలి పోయినందుకు పడవవాడికి డబ్బు ఇవ్వాలి, వంతెన పని పూర్తవ్వాలి. అధికారం, డబ్బు, వేరే దారి. ఈ మూడూ లేకుండా పడవవాణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు.

మీరు హకోనే వెళ్లినా, శ్రీశైలం వెళ్లినా, పాపికొండలు వెళ్లినా, ఎక్కే ముందు ఒక్క మాట అడగండి: "గాలీ వానా వస్తే ఆపుతారా, ఎవరు ఆపుతారు?" పడవైతే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. ఇవాళ్టి ప్రయాణం లేదు అని చెప్తే గొడవ పడకండి, ఇంటికెళ్లి రేపు రండి.