శిశు సంరక్షణ కేంద్రాల అనుమతులు, తనిఖీలు

ఆరేళ్ళ లోపు పిల్లలను పగటి వేళ కనిపెట్టుకొని ఉండే స్థలాలను శిశు సంరక్షణ కేంద్రాలు అంటారు. అంగన్‌వాడీలు, కర్మాగారాలకు అనుబంధంగా ఉండే శిశుగృహాలు (క్రెష్‌లు), ప్రైవేటు డే కేర్ కేంద్రాలు, ప్లే స్కూళ్ళు ఈ కోవలోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో వీటన్నిటికీ వర్తించే ఒకే లైసెన్సు చట్టం లేదు. కేంద్రాన్ని ఎవరు నడుపుతున్నారు, ఏ వయసు పిల్లలు వస్తారు, పిల్లలు రాత్రి అక్కడే ఉంటారా అనే విషయాలను బట్టి వర్తించే చట్టమూ, తనిఖీ చేసే శాఖా మారుతుంటాయి. ఈ శాఖల మధ్య మిగిలిపోయే ఖాళీలోనే చిన్న ప్రైవేటు కేంద్రాలు చాలావరకు పడుతున్నాయి. కనుక ఇక్కడ భద్రత అనేది ఒక ధ్రువపత్రం మీద గాక, తనిఖీ ఎంత నిజంగా జరుగుతుంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

స్వతంత్ర భారతదేశంలో శిశుగృహాల గురించిన తొలి నిబంధనలు కార్మిక చట్టాలలో వచ్చాయి. 1948 నాటి కర్మాగారాల చట్టంలోని 48వ సెక్షను, స్త్రీలు పనిచేసే కర్మాగారాలలో ఆరేళ్ళ లోపు పిల్లల కొరకు తగిన గది ఉండాలని నిర్దేశించింది. ఆ గదికి గాలి, వెలుతురు సరిగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి, శిక్షణ పొందిన స్త్రీల పర్యవేక్షణలో ఉండాలి. మొదట 50 మందికి మించి స్త్రీలున్న కర్మాగారాలకు ఈ నిబంధన వర్తించేది. 1976 సవరణతో ఆ సంఖ్యను 30కి తగ్గించారు.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐ.సి.డి.ఎస్.) ప్రారంభమైంది. దీని కిందనే అంగన్‌వాడీ కేంద్రాలు ఏర్పడ్డాయి. 2006 జనవరి 1 నుండి పనిచేసే తల్లుల పిల్లల కొరకు రాజీవ్ గాంధీ జాతీయ శిశుగృహ పథకం అమలయింది. అది తరువాత జాతీయ శిశుగృహ పథకంగా మారి, 2022లో మిషన్ శక్తిలో భాగమై "పాలనా" అనే పేరు పొందింది.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ, 50 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ శిశుగృహం ఉండాలనీ, తల్లి రోజుకు 4 సార్లు వెళ్ళి బిడ్డను చూసుకొనే వీలుండాలనీ నిర్దేశించింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి రావడంతో పై రెండు చట్టాల స్థానాన్ని అవి ఆక్రమించాయి. శిశుగృహానికి సంబంధించిన 50 మంది నియమం ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతి, 2020లో కొనసాగుతున్నది.

ఏ కేంద్రానికి ఏ నిబంధన

అంగన్‌వాడీలు
ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 వేల అంగన్‌వాడీ కేంద్రాలు కలవు. ఇవి ప్రభుత్వమే నడిపేవి కనుక వీటికి లైసెన్సు అవసరం లేదు. స్త్రీ, శిశు సంక్షేమ శాఖలోని సెక్టారు సూపర్‌వైజరు, ఆపైన శిశు అభివృద్ధి పథక అధికారి (సి.డి.పి.ఓ.), జిల్లా స్థాయిలో ప్రాజెక్టు డైరెక్టరు వీటిని పర్యవేక్షిస్తారు. కేంద్రం స్థాయిలో స్థానిక ప్రతినిధులు, తల్లులు, ఆశా కార్యకర్తలతో కూడిన పర్యవేక్షణ కమిటీ ఉండాలని 2011లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టడం 600 చదరపు అడుగులకు తగ్గకుండా ఉండి, అందులో పిల్లలు కూర్చునే గది, వేరుగా వంటగది, సామాను గది, పిల్లలకు అనువైన మరుగుదొడ్డి, తాగునీరు, ఆటస్థలం ఉండాలన్నది ప్రమాణం. అద్దె ఇళ్ళలో నడిచే కేంద్రాలకు ఈ ప్రమాణాన్ని అందుకోవడం కష్టం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుండి ఆరేళ్ళ వరకు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఆహారం పొందే హక్కు ఉన్నది. కనుక ఇక్కడ తనిఖీ అంటే కట్టడంతో పాటు ఆహారం తూకం, నాణ్యత, హాజరు పట్టీ, పిల్లల బరువులను కూడా సరిచూడడం. 2021 నుండి ఈ వివరాలను పోషణ్ ట్రాకర్ అనే మొబైల్ యాప్‌లో నమోదు చేస్తున్నారు.

శిశుగృహాలు
జాతీయ శిశుగృహ పథకం కింద ఒక్కో కేంద్రంలో 25 మంది పిల్లలు, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండేవారు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడపాలన్నది నియమం. సంస్థలు నడిపే శిశుగృహాలకు కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2018లో జాతీయ కనీస మార్గదర్శకాలు వెలువరించింది. ఎందరు పిల్లలకు ఎందరు సంరక్షకులు, ఒక్కో బిడ్డకు ఎంత చోటు, పని స్థలానికి ఎంత దూరం వంటి విషయాలు వీటిలో ఉన్నాయి.

ప్లే స్కూళ్ళు, డే కేర్ కేంద్రాలు
2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడపరాదు. కాని ఆ చట్టం ప్రధానంగా 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు సంబంధించినది. మూడేళ్ళు నిండిన పిల్లల ప్రీస్కూలు విషయంలో ప్రభుత్వం తగిన ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే 11వ సెక్షను చెప్పినది. ఈ లోటును పూరించడానికి జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్ళ కొరకు నియంత్రణ మార్గదర్శకాలు రూపొందించింది. వీటి ప్రకారం మూడేళ్ళ లోపు పిల్లలను చేర్చుకొనరాదు. ప్రతి 20 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయురాలు, ఒక సంరక్షకురాలు ఉండాలి. అయితే మార్గదర్శకాలు చట్టం కావు. రాష్ట్రాలు స్వీకరించిన మేరకే అవి అమలవుతాయి. మూడేళ్ళ లోపు పిల్లలను తీసుకొనే ప్రైవేటు డే కేర్ కేంద్రం ఈ మార్గదర్శకాల పరిధిలోకి కూడా రాదు.

బాలల సంరక్షణ సంస్థలు
ఆసరా లేని పిల్లలు నివసించే వసతి సంస్థల విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉన్నది. 2016 జనవరి 15న అమలులోకి వచ్చిన బాల న్యాయ చట్టం, 2015లోని 41వ సెక్షను ప్రకారం ప్రతి సంస్థ నమోదు కావాలి. నమోదు 5 ఏళ్ళు చెల్లుతుంది. నమోదు లేకుండా నడిపితే 42వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, లేక లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేక రెండూ విధించవచ్చును. నమోదు చేయడంలో ప్రతి 30 రోజుల జాప్యమూ వేరొక నేరంగా పరిగణించబడుతుంది. 54వ సెక్షను ప్రకారం తనిఖీ బృందంలో కనీసం ముగ్గురు ఉండాలి. వారిలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. మూడు నెలలకు ఒకసారైనా సందర్శించి, వారం లోపల నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికపై నెల లోపల చర్య తీసుకోవాలి. నమోదు కాని సంస్థలన్నీ 2017 చివరికల్లా నమోదు కావాలని సుప్రీం కోర్టు 2017 మే నెలలో ఆదేశించింది.

పగలు మాత్రమే పిల్లలను ఉంచుకొనే కేంద్రానికి ఇంత వివరమైన తనిఖీ విధానం ఏ చట్టంలోనూ లేదు.

అరసవల్లిలో పరిస్థితి

అరసవల్లి శ్రీకాకుళం పట్టణానికి ఆనుకొని ఉన్న ప్రదేశం. సూర్యనారాయణస్వామి దేవాలయం వల్ల ప్రసిద్ధి చెందినది. జిల్లా కార్యాలయాలన్నీ దగ్గరలోనే శ్రీకాకుళంలో ఉన్నాయి. ఇటువంటి చోట ఎవరైనా ఒక ఇంటి మేడపై డే కేర్ ప్రారంభిస్తే ఏయే శాఖలు చూడాలో పరిశీలిస్తే పైన చెప్పిన ఖాళీ అర్థమవుతుంది.

* కట్టడం ప్లానుకు అనుమతి స్థానిక పురపాలక సంస్థ ఇస్తుంది. కాని అనుమతి పొందినది నివాస గృహంగా.
* అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం 1999 నాటి రాష్ట్ర అగ్నిమాపక చట్టం కిందకు వస్తుంది. బడులు, సినిమా హాళ్ళు, ఫంక్షను హాళ్ళ వంటి జనం గుమికూడే కట్టడాల విషయంలో స్థలం 500 చదరపు మీటర్లు గాని, ఎత్తు 6 మీటర్లు గాని ఉంటే ఈ పత్రం అవసరం. చిన్న స్థలంలో తక్కువ ఎత్తున్న ఇల్లు ఈ కొలతలకు లోబడదు.
* బడిగా గుర్తింపు విద్యాశాఖ ఇస్తుంది. దీనికి 1994 జనవరి 1 నాటి జి.ఓ. ఎం.ఎస్. నం. 1 లోని నియమాలు ఆధారం. చదువు చెప్పకుండా పిల్లలను చూసుకొనే కేంద్రం తనది బడి కాదనవచ్చును.
* వసతి లేదు గనుక బాల న్యాయ చట్టం కింద నమోదు అక్కరలేదు.
* పనిచేసే సంస్థకు అనుబంధం కాదు గనుక కార్మిక శాఖకు సంబంధం లేదు.

ఇలా ప్రతి శాఖకూ తన పరిధి ఉన్నా, పిల్లవాడు కూర్చునే గదిని చూడవలసిన బాధ్యత ఏ ఒక్కరిదీ కాకుండా పోతుంది.

జిల్లాలో పలాస–కాశీబుగ్గ ప్రాంతపు జీడిపప్పు పరిశ్రమది మరొక సమస్య. ఇందులో పనిచేసేవారిలో స్త్రీలే ఎక్కువ. జీడిగింజ పెంకు నుండి వచ్చే నూనె చర్మాన్ని కాలుస్తుంది. కనుక పసిపిల్లలను పని స్థలంలో ఉంచడం ప్రమాదకరం. చట్టం సంఖ్యను బట్టి శిశుగృహం అడుగుతుంది కనుక, ఆ సంఖ్యకు తక్కువ మంది పనిచేసే చిన్న కర్మాగారం యజమానిపై ఆ బాధ్యత పడదు. అటువంటి తల్లులకు అంగన్‌వాడీయే ఆధారం.

తుఫానులు ఈ తీరానికి కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటింది. రేకుల కప్పు, పాత పెంకుటిల్లు, చెట్ల కింది గది పిల్లలకు ఎంతవరకు క్షేమమో ఏటా వర్షాకాలానికి ముందే చూడవలసి ఉంటుంది.

గుణపాఠం చెప్పిన ఘటనలు

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాలలో పుట్టిన మంటలు తాటాకు కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు మరణించారు. ఒకే ఇరుకు ఆవరణలో ఒకటికి మించి బడులు నడిచేవి. 2014 జూలైలో తంజావూరు న్యాయస్థానం 10 మందిని దోషులుగా తేల్చింది. ఈ దుర్ఘటన నేపథ్యంలో 2009 ఏప్రిల్ 13న అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీం కోర్టు, భద్రమైన బడిలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమేనని తీర్పు చెప్పింది.

2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వండిన ఆహారాన్ని పెద్దలు ముందుగా రుచి చూడాలన్న నియమం ఎంత అవసరమో ఇది చాటింది.

2022 అక్టోబరులో హైదరాబాదులోని బంజారాహిల్స్‌లో ఒక బడిలో నాలుగేళ్ళ బాలికపై లైంగిక దాడి జరిగినట్లు బయటపడింది. ప్రభుత్వం ఆ బడి గుర్తింపు రద్దు చేసింది. మిగిలిన పిల్లల చదువు ఆగిపోతుందని తల్లిదండ్రులు విన్నవించుకొనగా, ఆ విద్యా సంవత్సరం వరకు నడపడానికి మళ్ళీ అనుమతించారు. అనుమతి రద్దు అనే ఆయుధం ప్రయోగించడం ఎంత కష్టమో ఈ ఘటన తెలుపుతుంది. మూసివేస్తే పిల్లలు వీధిన పడతారు. మూసివేయకపోతే హెచ్చరికకు విలువ ఉండదు. అందువలన ప్రమాదం జరగక ముందే, లోపం చిన్నదిగా ఉన్నప్పుడే గడువు పెట్టి సరిచేయించడం తనిఖీకి అసలు ప్రయోజనం.

తనిఖీలో చూడవలసిన అంశాలు

* దారులు: బయటకు వెళ్ళడానికి రెండు మార్గాలు ఉన్నాయా, గ్రిల్ తలుపుకు పగలు తాళం వేస్తున్నారా, మెట్లకు పిల్లలకు అందే ఎత్తున పట్టుగొమ్మ ఉన్నదా. కేంద్రం నేల అంతస్తులో ఉండడం మేలు.
* వంట: గ్యాసు సిలిండరు పిల్లల గదికి దూరంగా ఉన్నదా, పురుగుమందులు, ఫినాయిలు ఆహార పదార్థాలతో కలిపి పెట్టలేదు కదా.
* నీరు: నుయ్యి, నేలసంపు, తొట్టె మూతలు బిగువుగా ఉన్నాయా. నిండు బకెట్టు కూడా పాకే బిడ్డకు ప్రాణాంతకం కాగలదు.
* విద్యుత్తు: ప్లగ్గులు పిల్లల చేతికి అందకుండా ఉన్నాయా, వేలాడే తీగలు ఉన్నాయా.
* మనుషులు: పిల్లల సంఖ్యకు తగినంతమంది సంరక్షకులు ఉన్నారా, వారి పూర్వ చరిత్రను పోలీసుల ద్వారా విచారించారా. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు తెలపడం తప్పనిసరి. తెలపకపోవడం నేరం.
* అప్పగింత: సాయంత్రం బిడ్డను ఎవరికి అప్పగించారో రాసే పుస్తకం ఉన్నదా.

చెప్పి వచ్చే తనిఖీలో పుస్తకాలు సరిగా ఉంటాయి. చెప్పకుండా వచ్చే తనిఖీలోనే పిల్లల సంఖ్య, సంరక్షకుల సంఖ్య నిజంగా తెలుస్తాయి. అగ్నిమాపక పరికరం గోడకు ఉన్నంత మాత్రాన చాలదు. అక్కడి ఆయమ్మకు దానిని వాడడం వచ్చునా అని అడిగి చూడాలి.

తల్లిదండ్రుల పాత్ర

చట్టం పరిధి దాటిన కేంద్రాలలో తల్లిదండ్రులే అసలైన తనిఖీదారులు. బిడ్డను చేర్చే ముందు కేంద్రం అంతటినీ చూపమని అడగడం, వేళ కాని వేళ ఒకసారి వెళ్ళి చూడడం, ఫిర్యాదులను రాతపూర్వకంగా ఇవ్వడం వారు చేయగల పనులు. పిల్లలకు ఆపద ఉన్నదని అనిపిస్తే చైల్డ్‌లైన్ 1098 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును. అంగన్‌వాడీలకు సంబంధించిన ఫిర్యాదులను సి.డి.పి.ఓ. కార్యాలయంలో గాని, జిల్లా కలెక్టరు నిర్వహించే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో గాని ఇవ్వవచ్చును.

ఇవి కూడా చూడండి

* అంగన్‌వాడీ
* అరసవల్లి
* శ్రీకాకుళం జిల్లా
* బాల న్యాయ చట్టం, 2015
* విద్యాహక్కు చట్టం