దేవరకొండ నుంచి పారిపోయిన కుర్రవాడు

మా మన్సూరాబాద్ నుంచి ఎల్‌బీనగర్ చౌరస్తాకి వచ్చి సాగర్ రోడ్డు పట్టుకుంటే బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటాక ఇబ్రహీంపట్నం వస్తుంది. అక్కడ ఆగకుండా ఇంకా ముందుకు పోతే మాల్, కొండమల్లేపల్లి, ఆ తర్వాత దేవరకొండ. దేవరకొండ బోర్డు పెట్టుకున్న ఆర్టీసీ బస్సుల్ని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఈ ఒక్క రోడ్డు మీదే ఒక రాజు జీవితంలోని రెండు కొసలూ ఉన్నాయని మాత్రం ఈమధ్యే తట్టింది. 1543లో దేవరకొండ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయిన కుర్రవాడు తర్వాత గోల్కొండ సుల్తానయ్యాడు. ఈ దారి పక్కనున్న పెద్ద చెరువుకీ, ఊరికీ అతని పేరే మిగిలింది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా. మన తెలుగు కవుల నోట్లో పడి మల్కిభరాముడు.

కష్టం తెలిసినవాడు, చావుని దగ్గరగా చూసినవాడు మంచి పాలకుడవుతాడని మనకో గట్టి నమ్మకం. హరిశ్చంద్రుడు కాటికాపరి కాకపోతే కథే లేదు. రాముడికి పద్నాలుగేళ్లు, పాండవులకి పదమూడేళ్లు. కళింగ యుద్ధం చూశాకే అశోకుడు అశోకుడయ్యాడని బళ్లో చదువుకున్నాం. ఇప్పటి ఎన్నికల ప్రచారాల్లో కూడా పేదరికం నుంచి వచ్చాడు, జైలుకెళ్లాడు, ఎండలో ఊరూరా నడిచాడు అన్నవే పెద్ద అర్హతలు. ఇబ్రహీం కథ ఈ నమ్మకానికి అతికినట్టు సరిపోతుంది. మనం మామూలుగా చెప్పుకునేదీ అలాగే: ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు, అక్కడ తెలుగు రుచి మరిగాడు, తిరిగొచ్చి మంచి రాజయ్యాడు. నేనూ అలాగే నమ్మాను, అతని అన్న జంషీద్ గురించి చదివేదాకా.

ముందు జరిగిందేమిటో చెప్పాలి. కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ 1543 సెప్టెంబరులో గోల్కొండ మసీదులో నమాజు చేస్తుండగా హత్యకు గురయ్యాడు. అప్పటికి పండు ముసలి. చంపినవాడు మీర్ మహమూద్ హమదానీ అనే కోట అధికారి, చంపించినవాడు సొంత కొడుకు జంషీద్. వారసుడిగా ఉన్న కుతుబుద్దీన్ కళ్లు పీకించి జంషీద్ గద్దెనెక్కాడు. ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో ఉన్నాడు, ఇంకా మీసాలు సరిగ్గా రాని వయసు. తర్వాతి వంతు తనదేనని అర్థమై బీదరుకి పారిపోయాడు.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, కష్టాలు జంషీద్‌కీ తక్కువేం కాదు. తండ్రి మీద కుట్ర చేశాడన్న అనుమానంతో అతన్ని గోల్కొండ కోటలోనే బంధించి ఉంచారు. అంటే అతనూ జైలు చూసి గద్దెనెక్కినవాడే. పిచ్చివాడూ కాదు. పారసీలో కవిత్వం రాసేవాడు. దక్కన్ సుల్తానుల తగాదాల్లో తెలివిగా పావులు కదిపాడు. బీజాపూర్ చేతిలో చిక్కిన బీదరు పాలకుడు అలీ బరీద్‌ని విడిపించి మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడు. బీజాపూర్ సేనాని అసద్ ఖాన్‌తో జరిగిన పోరులో అతని ముఖం మీద కత్తివేటు పడిందని ఫిరిష్తా రాస్తాడు. తర్వాత ప్రాణాంతకమైన జబ్బు పట్టుకుంది. అది క్షయ అనీ, పుట్టకురుపు అనీ రెండు రకాలుగా చెప్తారు. ఏదైనా, ఆ రోజుల్లో మందు లేని రోగం. ఆఖరి రోజుల్లో చావు అతని మంచం పక్కనే కూర్చుని ఉంది.

మన నమ్మకం ప్రకారమైతే జంషీద్ మెత్తబడాలి. తండ్రి గుర్తొచ్చి కుమిలిపోవాలి, ఖైదీల్ని వదిలేయాలి, అన్నదానాలు చెయ్యాలి. జరిగింది పూర్తిగా తిరగబడింది. జబ్బు ముదిరేకొద్దీ చిరాకు పెరిగి, చిన్న చిన్న తప్పులకే మనుషుల్ని చెరసాలల్లో వేయించాడనీ, చంపించాడనీ చరిత్రకారులు రాశారు. 1550 జనవరిలో అతను పోయాడు.

ఇది నాకు అంత ఆశ్చర్యమనిపించకపోవడానికి ఒక చిన్న కారణముంది. నా పాత ఉద్యోగంలో ఒక మేనేజర్‌కి గుండె ఆపరేషన్ అయింది. మూణ్ణెల్ల తర్వాత తిరిగొస్తుంటే, ఇక మనిషి మారతాడు, శనివారాలు ఫోన్ చెయ్యడు అని టీమ్ అంతా సంబరపడ్డాం. ఆయన తిరిగొచ్చాక ఆదివారాలు కూడా చెయ్యడం మొదలుపెట్టాడు. తనకి టైమ్ తక్కువుందని తెలిసినవాడు మన టైమ్‌ని ఎందుకు లెక్కచేస్తాడు? రాజునీ మేనేజర్నీ ఒక గాటన కట్టకూడదు గానీ, ఎదురు చెప్పేవాడు లేని గదిలో చావుభయం ఏం చేస్తుందో అక్కడ కొంచెం చూశాను.

తమ్ముడి సంగతి వేరు. బీదరులో ఇబ్రహీంకి మొదట మర్యాద బాగానే దక్కింది. కొన్నాళ్లకి అతని ఏనుగుల మీద, సొమ్ము మీద బరీద్ కన్నుపడింది. అక్కణ్ణుంచీ తప్పించుకుని విజయనగరం చేరాడు. అప్పుడు పేరుకి రాజు సదాశివరాయలు, పెత్తనమంతా అళియ రామరాయలది. రామరాయలు ఆదరించాడు, ఒక జాగీరు కూడా ఇచ్చాడు. చిక్కేమిటంటే ఆ జాగీరు అంతకుముందు అంబర్ ఖాన్ అనే హబ్షీ సర్దారుది. గోల్కొండ చరిత్ర చెప్పే కథ ప్రకారం, తన అన్నం లాక్కున్నాడని ఆ సర్దారు నడివీధిలో ఇబ్రహీంని నానామాటలూ అన్నాడు. మొదట ఇబ్రహీం తమాయించుకున్నా, చివరికి కత్తులు దూశారు, సర్దారు చచ్చిపోయాడు. ఆ పగ తీర్చుకోడానికి వచ్చిన అతని తమ్ముడికీ అదే గతి పట్టింది. వీరగాథలా చెప్తారు గానీ, ఈ కథలో నాకు కనిపించేది వీరత్వం కాదు. ఒకరింట్లో తింటూ బతికే మనిషికి దక్కే ప్రతి ముద్దా ఇంకొకడి కంచంలోంచి తీసిందే. ఆ సంగతి సుల్తాన్ కొడుకుగా గోల్కొండలోనే పెరిగుంటే ఇబ్రహీంకి ఎప్పటికీ తెలిసేది కాదు.

అన్నదమ్ములిద్దరూ చావుని చూశారు. జంషీద్ చూసినప్పుడు అతని చేతిలో అధికారముంది. భయమేసినప్పుడల్లా ఆ భయాన్ని ఇంకొకరి మీదికి తోసెయ్యగలడు, తోసేశాడు. ఇబ్రహీం చూసినప్పుడు చేతిలో ఏమీ లేదు. ఎవరు అన్నం పెడతారో, ఎవరు పట్టిస్తారో, ఎవరి ముందు నోరు మూసుకోవాలో కనిపెట్టుకుని ఉండక తప్పలేదు. అతనికి పనికొచ్చింది కష్టం కాదనీ, ఆ కష్టంలో ఇతరుల మీద ఆధారపడాల్సి రావడమేననీ నా అభిప్రాయం. అన్నకి జైల్లోనూ అది దక్కలేదు. జైల్లో పగ పెంచుకోడానికి ఇతరుల అవసరం ఉండదు.

జంషీద్ పోయాక అతని పసికొడుకు సుభాన్‌ని గద్దెనెక్కించారు. అహ్మద్‌నగర్ నుంచి సైఫ్ ఖాన్ ఐనుల్ ముల్క్ వచ్చి పెత్తనం చేతిలోకి తీసుకున్నాడు. అతనంటే పడని తెలుగు నాయకవాడీలు, వాళ్లకి పెద్దదిక్కుగా ఉన్న జగదేవరావు, ఆస్థానంలో ముస్తఫా ఖాన్ లాంటివాళ్లూ కలిసి విజయనగరం నుంచి ఇబ్రహీంని పిలిపించారు. కోటలోని నాయకవాడీలు లోపలినుంచే అతని పక్షాన లేచారు. 1550 జులైలో పట్టాభిషేకం జరిగింది. అంటే గోల్కొండ గద్దె అతనికి ఇచ్చింది తెలుగు సైనికులు. ఇది మర్చిపోతే అతని తెలుగు ప్రేమ అర్థం కాదు.

ఆ ప్రేమ నిజమే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం అతనికే అంకితమిచ్చాడు. మొదటి అచ్చతెలుగు కావ్యమని చెప్పే పొన్నికంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర అతని కొలువులోని అమీన్ ఖాన్‌కి అంకితం. ఆ అమీన్ ఖాన్‌ది మన పటాన్‌చెరువే. సుల్తాను పారసీలో వింటున్నా, అతని కింది అధికారి కూడా తెలుగు కావ్యం పుచ్చుకోవాలనుకున్నాడంటే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. 1562 ప్రాంతంలో హుస్సేన్‌సాగర్, 1578లో మూసీ మీద పురానాపూల్, ఇటు ఇబ్రహీంపట్నం చెరువు. ముప్పయ్యేళ్ల పాలనలో నీళ్లకీ దారులకీ ఇంత చేసిన కుతుబ్ షాహీ ఇంకొకడు లేడనే అనుకుంటాను. ఇందులో విజయనగరంలో చూసిన చెరువులూ కాలువల పాలెంత, గద్దెనెక్కించిన వాళ్ల రుణం ఎంత అని అడిగితే, రెండోదే ఎక్కువని నాకనిపిస్తుంది. కృతజ్ఞత అనండి, లెక్క అనండి. మంచి పాలనకి ఆ రెంటికీ తేడా పెద్దగా ఉండదు.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. కానీ గద్దెనెక్కించిన జగదేవరావుకీ ఇబ్రహీంకీ కొన్నేళ్లకే చెడింది. సుల్తాన్‌ని చేసినవాణ్ణి పక్కలో పెట్టుకుని నిద్రపోవడం ఏ సుల్తాన్‌కైనా కష్టమే. జగదేవరావు తిరగబడి, ఓడి, బీరారుకి పోయి, ఆఖరికి ఎక్కడ తేలాడు? విజయనగరంలో, అదే రామరాయల దగ్గర. ఒకప్పుడు ఇబ్రహీంకి ఆశ్రయమిచ్చిన చేతులే ఇప్పుడు ఇబ్రహీం నుంచి పారిపోయినవాడికి ఆశ్రయమిచ్చాయి. తర్వాత రామరాయల సేనలు గోల్కొండ రాజ్యం మీదికి వచ్చాయి, ఘనపురం, పానగల్లు, కోయిల్‌కొండ కోటలు అడిగి తీసుకున్నాయి. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో నలుగురు సుల్తానుల కూటమిలో ఇబ్రహీం కూడా ఉన్నాడు. ఏడేళ్లు అన్నం పెట్టిన ముసలాయన తల తెగి ఈటె మీదికి ఎక్కింది. నరికించింది హుసేన్ నిజాం షా, నిజమే. కానీ ఇబ్రహీం అటుపక్కనే ఉన్నాడు.

రామరాయల కథ తెలిస్తే ఇంకా చిక్కు. గోల్కొండ చరిత్ర చెప్పేదాని ప్రకారం ఆయన ఉద్యోగం మొదలుపెట్టింది ఈ సుల్తాన్ కులీ దగ్గరే. బీజాపూర్ సేనలు మీదపడితే తనకప్పగించిన చోటు వదిలి వచ్చేశాడనీ, పిరికివాడని సుల్తాన్ కొలువులోంచి వెళ్లగొట్టాడనీ, అప్పుడే విజయనగరం పోయి కృష్ణదేవరాయలకి అల్లుడయ్యాడనీ అంటారు. గోల్కొండలో అవమానపడి విజయనగరం పోయినవాడు ఒకడు, గోల్కొండలో ప్రాణభయంతో విజయనగరం పోయినవాడు ఇంకొకడు. ఇబ్రహీంని రామరాయలు చేరదీసినప్పుడు తన పాతరోజులు గుర్తొచ్చి ఉండొచ్చు. కానీ అదే మనిషి తర్వాత సుల్తానుల రాయబారుల్ని చులకన చేశాడన్న పేరూ తెచ్చుకున్నాడు. ఒకే అవమానంలోంచి జాలీ పుట్టింది, అహంకారమూ పుట్టింది.

అదే కాలంలో ఉత్తరాన హుమాయూన్ కూడా రాజ్యం పోగొట్టుకుని ఇరాన్ షా తహ్మాస్ప్ పంచన చేరాడు. తిరిగి బలం పుంజుకున్నాక 1553లో తమ్ముడు కామ్రాన్ కళ్లు తీయించాడు. పదేపదే ద్రోహం చేసిన తమ్ముడే, కాదనను. అయినా ప్రవాసం నేర్పిన పాఠాల జాబితాలో ఇది కూడా రాసుకోవాలి.

నా వృత్తిలో ఒక జాగ్రత్త నేర్పుతారు: పని చేస్తున్న మెషీన్ల లాగులు మాత్రమే చూసి సిస్టమ్ బాగుందనుకోవద్దు, పడిపోయినవి లాగు రాయవు. కష్టాలు మంచి రాజుల్ని చేస్తాయనే మాటలో నాకు కనిపించే మోసం ఇదే. ఈ ఇంట్లోనే కుతుబుద్దీన్ ఉన్నాడు, కళ్లు పోయినవాడు. దౌలత్ కులీ ఉన్నాడు, భువనగిరి కోటలో బందీ. జగదేవరావు ఒక దశలో అతన్ని రాజుని చేద్దామనుకున్నాడు కూడా. కష్టమే గురువైతే వీళ్లిద్దరూ ఇబ్రహీం కన్నా పెద్ద చదువు చదివారు. కానీ వాళ్లు ఏం నేర్చుకున్నారని ఎవరూ అడగలేదు, గద్దె ఎక్కలేదు కాబట్టి. గెలిచినవాడి కష్టం పాఠమవుతుంది, ఓడినవాడిది ఒట్టి కష్టంగానే మిగిలిపోతుంది.

ఇంకో సంగతి. మనకి దొరికే గోల్కొండ సొంత చరిత్ర, 1829లో బ్రిగ్స్ ఇంగ్లీషులో ఫిరిష్తాకి జోడించి అచ్చేసినది, సుల్తాన్ మహమ్మద్ కాలంలో రాసింది. ఆ సుల్తాన్ ఇబ్రహీం మనవడు. జంషీద్ వంశం సుభాన్‌తోనే ఆగిపోయింది. కాబట్టి జంషీద్ క్రూరత్వాన్ని కొంచెం తగ్గించి, ఇబ్రహీం మంచితనాన్ని కొంచెం తగ్గించి చదువుకోవాలి. ఎంత తగ్గించినా తండ్రి హత్యా, అన్న కళ్లూ పోవు. ఇటు చెరువులూ పోవు.

కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికి వెళ్తే జంషీద్‌ది సులువుగా గుర్తుపట్టొచ్చు. మిగతా సుల్తానుల్లో ఎక్కువమందివి నలుచదరం కట్టడాలు, అతనిది ఎనిమిది పలకలతో రెండంతస్తులు. లోపల ఎక్కువమందికి నల్లరాతి మీద పేరూ తేదీ చెక్కారు. అతని సమాధి మీద ఒక్క అక్షరం లేదు. ఇబ్రహీం సమాధి కూడా అదే తోటలో ఉంది.