పాత మెరుగు తీయనిదే

దసరా పండుగకు రెండు మూడు దినములు ముందుగా హనుమకొండ వీధులలో తెల్లవారుజామున నడచినవారికి ఒక దృశ్యము తప్పక కనిపించును. ఇంటింటి ముందర బకెట్టు, పాతగుడ్డ, నీటి చప్పుడు. స్కూటరు మొదలు కారు వరకు వాహనములన్నియు స్నానమాడుచుండును. వాటికి బంతిపూల దండలు కట్టి, నిమ్మకాయలు తొక్కించి, భద్రకాళి గుడి ముందర పూజ చేయించుట మన ఓరుగల్లువారికి వేడుక. కడిగిన పిమ్మట మైనపు డబ్బా మూత తీసి, తళతళలాడవలెనని బండికంతటికి పూయుదురు. నిరుడు పూసిన మైనముమీదనే ఈ యేటి మైనము!

మేమును ఒకప్పుడు అట్లే చేసినవారమే. ఉదయమంతయు చేతులు నొచ్చునట్లు రుద్దితిమి. తీరా ఎండ వచ్చుసరికి కారు మెరియుటకు మారుగా మబ్బు పట్టిన ఆకాశమువలె మచ్చలు మచ్చలుగా తేలెను. తెలిసిన మెకానిక్కు ఒకడు, తల నెరసినవాడు, చూచి నవ్వి చెంబెడు నీరు దానిపై చల్లెను. కొన్నిచోట్ల నీరు ముత్యములవలె నిలిచెను. కొన్నిచోట్ల చాపవలె పరచుకొనెను. "సారూ, మీరు మెరుగు పెట్టలే. మురికి మీద మైనం పూసిండ్రు. పాతది తీయకుంటె కొత్తది పట్టది" అని వాడు తన పనిమీద తాను పోయెను.

ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. విచారించి చూడగా అది కారుకు మాత్రమే చెందిన మాట కాదు. మన ఊరి రాళ్లకు, మన ఇంటి పాత్రలకు, ఒకప్పటి హైదరాబాదు రాజ్యములోని గొప్ప చిత్రములకు కూడ అది వర్తించును. మెరుగు చరిత్ర యనగా సగము పూతల చరిత్ర. తక్కిన సగము ఆ పూతలను తీసివేసిన చరిత్ర. ఈ రెండవ సగమునే ఇక్కడ కొంత చెప్పదలచితిమి.

వెనుకటి దినములలో వీధిలోనికి కళాయివాడు వచ్చుట పెద్దలకు జ్ఞాపకముండును. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినచో చిలుము విషమగునని లోపల తగరపు పూత వేయించెడివారు. కళాయివాడు రాగానే తగరము కరగించెడివాడు కాడు. ముందుగా గిన్నెలో ఇసుక పోసి, దానిలో నిలిచి, కాళ్లతో ఇటునటు త్రిప్పుచు పాత పూతను, చిలుమును, జిడ్డును వదలగొట్టెడివాడు. తరువాత గిన్నెను కొలిమిపై కాచి నవాసాగరము చల్లెడివాడు. గుప్పున తెల్లని పొగ లేచెడిది. మిగిలిన చిలుమును కూడ ఆ నవాసాగరము తీసివేయగా లోహము శుద్ధమై బయటపడెడిది. అప్పుడు గాని తగరము ముట్టించెడివాడు కాడు. ముట్టించిన తరువాత గుడ్డతో ఒక్క తుడుపు, గిన్నె వెండివలె మెరిసెడిది. పని యంతయు తీయుటలోనే యున్నది, పూయుట క్షణమాత్రము. పెంబర్తి ఇత్తడి పనివారి జిల్లాలో పుట్టిన మనకు ఈ సత్యము క్రొత్తది కాదు. కాని డబ్బాలో వచ్చిన మైనమును చూడగానే దానిని మరచిపోయితిమి.

ఇంతకును మెరుగు రెండు విధములు. ఒకటి పూసెడి మెరుగు. మైనము, వార్నిషు, తగరము ఇట్టివి. రెండవది ఒరపిడి మెరుగు. పైనున్న గరుకును నూరి నూరి తీసివేయగా వస్తువు తనంత తాను చూపెడి కాంతి. ఈ రెండవదానికి ఓరుగల్లుకంటె గొప్ప పాఠశాల మరియొకటి లేదు.

హనుమకొండ వేయిస్తంభముల గుడిని కాకతి రుద్రదేవుడు శకవర్షము 1084న, అనగా 1163 జనవరిలో ప్రతిష్ఠించెను. రుద్రేశ్వరునికి, వాసుదేవునికి, సూర్యునికి మూడు గర్భగుడులు గల త్రికూటాలయమది. అచ్చటి నల్లరాతి స్తంభముల ముందర నిలిచినచో మన నీడ వానిలో కదలును. ఎదుట నున్న నంది యొడలు నూనె రాసినట్లుండును. తాకి చూచినచో వేలికి నూనె అంటదు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. దాని చూరుల క్రింద నిలిచిన నల్లరాతి మదనికలు కూడ ఇట్టివే. ఎనిమిది వందల యేండ్ల వానకు గాలికి ఓర్చిన ఆ మెరుగు పూసినది కాదు గనుకనే ఊడిపోలేదు. రాతి పైపొరలోని మిట్టపల్లములను సన్నగా, ఇంకను సన్నగా అరగదీసినచో వెలుతురు చెదరక ఒక్క దిక్కుగా తిరిగి వచ్చును. మెరుగు అనునది అంతే.

కఠినశిలను అరగదీయుటకు దానికంటె కఠినమైన పొడి కావలెను. మన దేశమున అట్టి పొడులలో ప్రాచీనకాలమునుండి ప్రసిద్ధి కెక్కినది కురువిందము. వజ్రమును 10 అని లెక్కించు కాఠిన్యపు కొలతలో దీని స్థానము 9. కెంపు, నీలము ఈ జాతి రాళ్లే. ఐరోపా శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన కోరండము అను పేరు దక్షిణ భారత భాషలనుండి వెళ్లినదే. 1953 వరకు వరంగల్లు జిల్లాలో భాగమై యుండిన ఖమ్మం ప్రాంతమున, గొబ్బుగుర్తి దగ్గర, ఈ రాయి దొరకును. నేడు కారు రంగుకు మెరుగుపెట్టు ముద్దలలో కలిపెడి మెత్తని పొడి అల్యూమినియం ఆక్సైడు. కురువిందమును అదే పదార్థము. రాతికి సానపట్టిన చేయి, కారుకు సానపట్టు చేయి, రెండును ఒకే పొడిని పట్టుకొన్నవని తెలిసినప్పుడు మాకు కలిగిన ఆశ్చర్యము ఇంతింత కాదు.

శిల్పి అరగదీసి తెచ్చిన మెరుగుపై పిమ్మటి తరములవారు భక్తితో పూతలు పూసిరి. దీపపు మసి, అభిషేకపు నూనె, కుంకుమ, గంధము ఒకదానిపై ఒకటి పేరుకొనును. అనేక గుడులలో పండుగకొకసారి సున్నము కొట్టుట శుభ్రతయే యనుకొనిరి. చెడగొట్టవలెనని ఎవరును చేయలేదు. గుడి బాగుండవలెనని చేసినారు. కాని నూనెపై దుమ్ము, దుమ్ముపై నూనె చేరి, కొన్ని యేండ్లకు నల్లని పెచ్చుగా మారును. దాని క్రింద శిల్పము కన్ను, ముక్కు, వేలిగోరు మునిగిపోవును.

భారత పురావస్తు శాఖలో రసాయన విభాగము 1917లో ఏర్పడినది. దానివారు ఇట్టి పెచ్చులను తీయు పద్ధతి చూచినచో ఓర్పు అన్న మాటకు అర్థము తెలియును. ఉలి వాడరు, గట్టి ఆమ్లము పోయరు. నీటిలో కొద్దిగా అమ్మోనియా, మెత్తని సబ్బు కలిపి, దూదితోను కుంచెతోను అరచేయి పట్టునంత చోట తుడిచి చూతురు. సున్నపు పొరలకు పలుచని ఆమ్లము, అదియు బొట్టు బొట్టుగా. మరల మంచినీట కడిగి, ఆరనిచ్చి, రాతికి కీడు లేదని తేలిన పిదపనే ప్రక్క అరచేయి చోటికి జరుగుదురు. తొందరపడినచో పెచ్చుతోబాటు ఎనిమిది వందల యేండ్ల నునుపు కూడ పోవును. పోయినదానిని తెచ్చిపెట్టగల పూత లేదు.

రాయి గట్టిది గనుక ఒకటి రెండు తప్పులకు ఓర్చును. రంగు ఓర్వదు. ఈ సంగతిని హైదరాబాదు రాజ్యమే ఒకప్పుడు ఎక్కువ వెల యిచ్చి నేర్చుకొన్నది. 1914లో ఆ రాజ్యమున పురావస్తు శాఖ ఏర్పడగా గులాం యజ్దానీగారు దానికి మొదటి అధిపతియైరి. పాలంపేట గుడులను గూర్చి పుస్తకము వ్రాసినవారు వీరే. అప్పటికి అజంతా గుహలు కూడ నిజాము రాజ్యములోనివి. అంతకు పూర్వము, 1872 మొదలు 1885 వరకు, బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్సు తన విద్యార్థులతో అచ్చటి చిత్రములకు ప్రతులు వ్రాయించెను. ఆ రోజులలో చిత్రము స్పష్టముగా కనిపించవలెనని గోడపై వార్నిషు పూసిరి. తరువాత 1920-22 నడుమ నిజాము ప్రభుత్వము ఇటలీనుండి లొరెంజో చెకోనీ అను నిపుణుని, ఆయన సహాయకుడు ఓర్సీనీని పిలిపించినది. గోడనుండి విడివడుచున్న రంగు పొరలను వారు నేర్పుతో అతికించి నిలిపిరి. ఆ మేలు మరువరానిది. దానితోబాటు లక్కనుండి తీసిన వార్నిషును కూడ పూసిరి.

కొత్తలో చిత్రములు జలజల మెరిసినవి. కాలము గడచినకొద్దీ ఆ వార్నిషు పసుపురంగు తిరిగి, గోధుమవన్నెకు దిగినది. నీలము ఆకుపచ్చగా, తెలుపు తేనెరంగుగా తోచినది. లక్క లేతగా నున్నప్పుడు ఆల్కహాలులో కరగును. ముదిరినకొద్దీ మొండియై కరగకుండును. అజంతా కేంద్ర పురావస్తు శాఖ అధీనమునకు వచ్చిన పిదప రసాయనికులు దశాబ్దములపాటు ఆ పాత మెరుగును అంగుళము అంగుళముగా తీయవలసి వచ్చినది. చిత్రకారుడు వేసిన రంగు ఎచ్చట ముగిసినది, తరువాతివారు పూసిన పూత ఎచ్చట మొదలైనది అను ప్రశ్న ప్రతి అంగుళమునను ఎదురైనది. పూసిన దినములు కొద్ది. తీసిన దినములు అనేకము.

ఇక మోటారు వాహనముల సంగతికి వత్తము. మొదటి కార్లకు గుర్రపుబండ్లకు వేసినట్లే నూనెరంగు, దానిపై వార్నిషు పూసెడివారు. పొర పొరకు ఆరుటకు దినములు పట్టగా, ఒక్క కారు రంగు ముగియుటకు వారములు గడిచెడివి. 1923లో అమెరికాలోని డ్యూపాంటు కంపెనీ డ్యూకో అను త్వరగా ఆరెడి రంగును తెచ్చినది. నేటికిని మన షెడ్లలో కారు రంగును డ్యూకో అనువారు కలరు. ఆ రంగుకు మూలము పత్తి! పత్తి పీచును నత్రికామ్లముతో మార్చగా వచ్చిన నైట్రోసెల్యులోసు అది. ఏనుమాముల మార్కెట్టులో పత్తి బస్తాలను చూచెడి మనకు ఆ బంధుత్వము తెలియుట మంచిది. కాని అది ఎండకు పొడిబారి వెలసెడిది. ఏటేటా ఒరపిడి ముద్దతో రుద్దవలసి వచ్చెడిది. అందువలన రంగుపై మైనము రక్షగా వచ్చినది. 1910లో షికాగోలో పుట్టిన సైమనైజ్ కంపెనీవారు మైనమునకు జతగా, ముందు పాతదానిని తుడిచివేయుటకు వేరొక ద్రవ్యమును కూడ అమ్మెడివారు. మైనము అమ్మినవారికే ఆ మర్మము తెలియును, కొన్నవారు మరచిరి.

ఆ మైనములలో మేలైనది కార్నూబా. బ్రెజిలు దేశపు ఒక జాతి తాటియాకులనుండి రాల్చినది. తేనెమైనము సుమారు 63 డిగ్రీల వేడికి కరగును. కార్నూబా 80 డిగ్రీలు దాటువరకు నిలుచును. ఓరుగల్లు వేసవిలో ఎండలో నిలిపిన కారు రేకుపై చేయి పెట్టినవారికి ఈ అంకెల విలువ చెప్పనక్కరలేదు. ఎంత మేలైన మైనమైనను కొన్ని నెలలకు అరిగి, దుమ్మును పట్టుకొని, అతుకులుగా మిగులును. దానిపై ఒరపిడి ముద్ద రుద్దినచో మెత్త జిగటపడును; గీతలను మైనము పూడ్చి దాచును; పోయినవనుకొన్న గీతలు నాలుగు వానలకు మరల తేలును.

కావున గృహస్థులకు మేము చెప్పునది ఇంతే. నీడలో బండి నిలిపి, ముందు విస్తారముగా నీరు పోసి ఇసుకను దింపవలెను. మెత్తని సబ్బుతో కడిగి, నీరు చల్లి చూడవలెను. ముత్యములు కట్టినచోట పాత పూత యున్నట్లు. దానికై అమ్మెడి ద్రవ్యముతో గాని, నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గాని, జానెడు చోటు చొప్పున మెత్తని గుడ్డతో తుడిచి, గుడ్డ మడత మార్చుచుండవలెను. పాత రంగు బండియైనచో కనిపించని మూలలో ముందు పరీక్షించుట మేలు. ఆల్కహాలు కొన్ని రంగులను కరగించును. కిరసనాయిలు వాడుట తగదు. అది తన జిడ్డును తాను వదలిపోవును. అంతా తీసిన పిమ్మట దీపము పట్టి చూడవలెను. చాలమారులు మెరుగుపెట్టవలసిన పనియే ఉండదు. మసక యంతయు పాత మైనములోనే యుండినది! నిజముగా గీతలున్నచో అప్పుడే ఒరపిడి. నేటి కార్లపై రంగు పూతల మొత్తము మందము మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. పైనున్న పారదర్శకపు పొర అందులో సగమును లేదు. ప్రతి ఒరపిడికి అందులో కొంత పోవును, తిరిగి రాదు.

మరునాటి ఉదయము మేము ఆ మెకానిక్కు చెప్పినట్లే చేసితిమి. పాత మైనము తీయుటకు మూడు గంటలు, కొత్తది పూయుటకు అరగంట. మైనము పూయకముందే కారు కొన్ననాటి నీలిరంగు కనిపించినది. అది మేము మరచిన రంగు. ఆ సాయంకాలము వేయిస్తంభముల గుడికి పోయి నల్లరాతి స్తంభముపై చేయి వేసితిమి. ఏ పూతయు లేని ఆ రాతిలో మా చేతి నీడ కనిపించినది.