రాతి మీది కుక్క, రేకు మీది మేక

తమిళనాడులో హొగేనక్కల్ చుట్టుపక్కల కావేరి అడవుల్లో మేసి పెరిగిన పశువులను ఆలంబాడి జాతి అంటారు. అది అక్కడి ఊరి పేరు. ధర్మపురి, కృష్ణగిరి, చెంగం సీమల్లో ఒకప్పుడు మందే ఆస్తి. మందను తోలుకుపోతే కత్తులు లేచేవి. ఆ పోరులో పడిపోయినవాడికి వీరగల్లు నిలిపేవారు. రాతి నిండా వీరుడే ఉంటాడు. పశువులను చెక్కినా, అవి ఒక మూలన చిన్నగా ఒదుగుతాయి. అతను ప్రాణమిచ్చింది వాటి కోసమే, కానీ ఉలి వాటి మీద ఎక్కువసేపు ఆగలేదు.

ఒకచోట మాత్రం ఒక జంతువు మీద ఆగింది. పల్లవ మహేంద్రవర్మ కాలంలో, 7వ శతాబ్దంలో, చెంగం వైపు ఎడుత్తనూరులో నిలిపిన వీరగల్లులో వీరుడి పక్కన అతని కుక్క ఉంది. ఇద్దరు దొంగలను కరిచిందని శాసనం చెబుతుంది. దాని పేరు కోవివన్ అని కూడా రాశారు. పెంపుడు జంతువును పేరుపెట్టి తలచుకున్న ఆ రాయి నాకు ఎన్నో రాజశాసనాలకంటే విలువైనది.

రాతి నిండా జంతువే ఉన్న చోటూ ఉంది: 16వ శతాబ్దపు లేపాక్షి నంది మెడలో గంటలతో, దండలతో గంభీరంగా కూర్చుంది. చూడముచ్చటైన శిల్పమే, అయినా అది శివుడి వాహనం, రైతు ఎద్దు కాదు.

ఫ్రాన్స్‌లో చిత్రకారిణి రోజా బొన్యూర్ (1822–1899) దొడ్డినే చిత్రానికి కేంద్రం చేసింది. 1849లో గీసిన నివెర్నే దుక్కి చిత్రంలో చూపంతా ఎడ్ల మీదే నిలుస్తుంది. గుర్రాల సంత చిత్రం కోసం పోలీసుల అనుమతితో మగదుస్తులు వేసుకుని, ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు పారిస్ సంతకు వెళ్లి స్కెచ్‌లు గీసుకుంది. కండ, చర్మం, అడుగు పడే తీరు ఆమెకు కంఠతా వచ్చాయి.

మనకు అలాంటి చూపు చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ దగ్గర దొరుకుతుంది. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులో, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివిన ఆయన, ఎచింగ్ రేకు మీద సన్నని గీతలతో తెలంగాణ పల్లెను గీశారు. ఆ పల్లెలో ఆడవాళ్లు, మగవాళ్లు, చెట్లు, మేకలు అందరూ ఒకే గుంపు. బొన్యూర్ ఎద్దులో ఒళ్లు కనిపిస్తే, గౌడ్ మేకలో గుణం కనిపిస్తుంది: మొండితనం, కోరిక, మనిషిని తేరిపార చూసే కన్ను. మేక అక్కడ ఎవరి ఆస్తీ కాదు, ఎవరి వాహనమూ కాదు. ఆ పల్లె మనుషులు తర్వాత ఆయన చేతిలో గాజు మీదికి, కాల్చిన మట్టిలోకి, కంచులోకి వెళ్లారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.