ఫోను కోసం అయిదేళ్ల పోరు

1996 ఫిబ్రవరి, జింబాబ్వే రాజధాని హరారే. సుప్రీంకోర్టు తీర్పు చేతికొచ్చింది, బేస్ స్టేషన్ల పని మొదలైంది. ఇక అడ్డేమీ లేదనుకున్నారు స్ట్రైవ్ మసియివా. అంతలో అధ్యక్షుడు రాబర్ట్ ముగాబే ఉత్తర్వు వెలువడింది. లైసెన్సు లేకుండా సెల్‌ఫోన్ సర్వీసు నడిపే ప్రైవేటువాళ్లకు రెండేళ్ల దాకా జైలు! ఆ లైసెన్సు ఇవ్వాల్సింది సర్కారే. పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

బ్రిటన్‌లో ఇంజినీరింగ్ చదివి 1984లో స్వదేశానికి తిరిగొచ్చిన మసియివా మొదట ఉద్యోగం చేసింది ప్రభుత్వ టెలిఫోన్ల సంస్థ పీటీసీలోనే. తర్వాత బయటికొచ్చి రెట్రోఫిట్ అనే ఎలక్ట్రికల్ కాంట్రాక్టు కంపెనీ పెట్టి నిలదొక్కుకున్నారు. 1990ల మొదట్లో పాత సంస్థ దగ్గరికే వెళ్లి, కలిసి సెల్‌ఫోన్లు తెద్దామన్నారు. ఈ దేశంలో వాటికి భవిష్యత్తు లేదని తేల్చేశారు వాళ్లు. పోనీ నేనే పెట్టుకుంటానంటే అదీ కుదరదన్నారు. చట్టం ప్రకారం టెలిఫోన్ల మీద గుత్తాధిపత్యం పీటీసీదే.

పేద దేశాల్లో వ్యాపారానికి పెట్టుబడి పుట్టదంటారు. నిజమే. కానీ ఈయనకు కంపెనీ ఉంది, చదువుంది, అనుభవముంది. లేనిదల్లా అనుమతి. ఆ తాళంచెవి పోటీదారు జేబులోనే ఉంది.

మసియివా కోర్టుకెక్కారు. అక్కడ ఆయన లాయర్లు ఎంచుకున్న దారి నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. వాళ్లు వ్యాపార హక్కును కాదు, భావప్రకటన స్వేచ్ఛను పట్టుకున్నారు. ఫోన్ కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే దేశమది. (ఆ ఎదురుచూపులు మన పాతతరానికీ తెలుసు.) జనం మాట్లాడుకునే సాధనాన్ని పీటీసీ తానివ్వక, ఇంకొకరిని ఇవ్వనివ్వకపోతే, వాళ్ల నోరు నొక్కినట్టు కాదా? 1995లో ప్రధాన న్యాయమూర్తి ఆంటొనీ గబ్బే ధర్మాసనం ఆ వాదన ఒప్పుకుని, గుత్తాధిపత్యం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మన దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ వెళ్లిందీ ఆ ఏడాదే.

ముగాబే ఉత్తర్వుతో ఆ గెలుపు కాగితం మీదే మిగిలింది. సెల్‌కు భవిష్యత్తు లేదన్న పీటీసీ, 1996లో తానే నెట్‌వన్ పేరుతో సర్వీసు మొదలెట్టింది. ప్రైవేటు లైసెన్సుకు టెండరు పిలిచి టెలిసెల్ అనే సంస్థకు ఇచ్చారు. మసియివా మళ్లీ కోర్టు మెట్లెక్కారు. ఈ పోరాటంలో రెట్రోఫిట్‌ను అమ్ముకోవాల్సి వచ్చింది. ఒక్క ఫోనూ మోగకుండానే, దేశంలో పేరున్న కంపెనీ చేజారిపోయింది. అమ్ముకోవడానికి కంపెనీ ఉంది గనక ఆయన నిలబడగలిగారు. ఏ చిన్న వ్యాపారో అయితే, పీటీసీ కాదన్న రోజే ఇంటికి వెళ్లిపోయేవాడు. అతని పేరు కూడా మనకు తెలిసేది కాదు.

1997 ఆఖర్లో మసియివాకు లైసెన్సు వచ్చింది. 1998 జూలైలో ఆయన సెల్‌ఫోన్ కంపెనీ ఎకోనెట్ ఫోన్లు మోగాయి. తర్వాత అది దేశంలోకెల్లా పెద్ద మొబైల్ నెట్‌వర్క్ అయింది. మసియివా మాత్రం 2000లోనే దేశం విడిచి దక్షిణాఫ్రికా వెళ్లిపోయారు.