తాతల ఫొటోలు లండన్‌లో, మన మెమోలు మీసేవలో



డిగ్రీలో ఉండగానే ఒక సెమిస్టర్ బయటి దేశంలో చదివే వీలుందా, ఎట్ల అప్లై చేయాలె అని తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నరు. స్కీముల పేర్లు ఎవరైనా చెప్తరు. నేను కొంచెం వెనక్కి పోయి చెప్త. మన దిక్కు నుంచి విదేశాలకు ఎవరు పోయిండ్రు, ఎవరి ఖర్చుతో పోయిండ్రు, చేతిల ఏ కాగితం పట్టుకొని పోయిండ్రు అన్నది చూస్తే, ఇయ్యాల మనం ఎక్కడ ఆగిపోతున్నమో తెలుస్తది. పోస్టు పొడుగుంటది, తీరిగ్గా చదవండి.

లండన్‌లో స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ అని ఒక పెద్ద విద్యాసంస్థ ఉంది. హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు, ఫిల్ములు, రాసుకున్న డైరీలు అక్కడ భద్రంగా దాచిండ్రు. అందులో ఆదిలాబాద్ గోండు గూడేలున్నయి. అంటే మన తాతలు, ముత్తాతల ఫొటోలు మనకంటే ముందే ఓడెక్కి లండన్ చేరినయి. వాటిని చూసి పీహెచ్‌డీలు రాసినోళ్లున్నరు. ఆ ఫొటోలో ఉన్నది మా తాత అని చెప్పగలిగే పిల్లలు మాత్రం అక్కడి క్లాసుల్లో ఎన్నడన్నా కనబడతరా?

మార్లవాయి పేరు మన అందరికీ తెలుసు. జనవరి 11న వర్ధంతికి పోయినోళ్లు గ్రూపులో చాలామందే ఉన్నరు. కానీ హైమన్‌డార్ఫ్ అక్కడికి ఎట్ల వచ్చిండన్నది చాలామంది పట్టించుకోరు. ఆయన 1909లో వియన్నాలో పుట్టిండు, అక్కడనే 1931లో డాక్టరేట్ చేసిండు. తర్వాత రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద లండన్ పోయి మాలినోవ్‌స్కీ అనే పెద్ద మానవశాస్త్రవేత్త దగ్గర చదువుకున్నడు. అంటే ఆయన కూడా ఒకప్పుడు ఫెలోషిప్ మీద పరాయి దేశంలో చదివిన పిల్లగాడే. 1936లో నాగా కొండలకు వచ్చిండు. 1939లో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి మళ్లా ఇండియాలోనే ఉన్నడు. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలుపుకున్నడు కాబట్టి ఆయన జేబులో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. ఇంగ్లీషోళ్ల లెక్కల శత్రుదేశం మనిషి. అట్ల హైదరాబాద్ రాష్ట్రం దాటిపోకుండా ఉండాల్సి వచ్చింది. ముందు చెంచులు, తర్వాత కొండరెడ్లు, 1941లో మన గోండు గూడేలు. ఆ పాస్‌పోర్టు మీద వేరే దేశం పేరుంటే ఆయన మార్లవాయి దాకా వచ్చేవాడో లేదో.

అప్పటికి జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడై ఏడాది అయింది. కాల్పులు జరిగినంక నిజాం సర్కారుకు ఒక ప్రశ్న మిగిలింది, ఈ మనుషులు ఎందుకు తిరగబడ్డరు అని. తెలుసుకోడానికి ఈయనను పంపిండ్రు. ఆయన చూసింది ఏందంటే, తరతరాలుగా దున్నుకుంటున్న భూమికి మనోళ్ల దగ్గర కాగితం లేదు. బయటి నుంచి వచ్చినోడికి ఉర్దూ చదువొచ్చు, పట్వారీ తెలుసు, కచేరీ తెలుసు. వాడు కాగితం చేయించుకున్నడు, మనోళ్లు సొంత చెలకల పాలేర్లయిండ్రు. అడవిశాఖ గీసిన గీత ఎక్కడుందో కూడా మనోళ్లు చదువలేకపోయిండ్రు.

అందుకనే మార్లవాయిలో 1943లో మొదలైంది ఉత్తి బడి కాదు, పంతుళ్లను తయారుచేసే కేంద్రం. కాస్తో కూస్తో అక్షరాలొచ్చిన నలుగురైదుగురు గోండు యువకులను వెతికి పట్టుకొని వాళ్లతోనే మొదలుపెట్టిండ్రు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారైనయి. సేతుమాధవరావు పగడి అనే హైదరాబాద్ సివిల్ సర్వీస్ అధికారి గోండి నేర్చుకొని ఆ భాషకు వ్యాకరణం రాసిండు. (ఇప్పటి అధికారుల్లో ఎంతమందికి గోండి వచ్చో మీరే లెక్కపెట్టుకోండి.) ఆ కేంద్రంలో చదివినోళ్లు ఊర్లల్ల పంతుళ్లయిండ్రు, కొందరు చిన్న చిన్న సర్కారు కొలువులు కూడా చేసిండ్రు. కచేరీలో మన భాష తెలిసిన మనిషి ఒకడు కూర్చోవడం అదే మొదలు. అదే కాలంలో లావణి పట్టాలు పంచిండ్రు, 1949 నాటికి లక్షన్నర ఎకరాలకు పైనే. పట్టా, పలక రెండూ ఒకేసారి వచ్చినయి. నా దృష్టిలో ఈ రెండూ వేరువేరు పథకాలు కావు. పట్టా ఇచ్చి అది చదువరాకుండా ఉంచితే రెండో ఏడే చేయి మారుతది.

1956 తర్వాత ఆదిలాబాద్‌లోంచి రాజురా, కిన్వట్ మరాఠీ దిక్కు పోయినయి, మనం తెలుగు దిక్కు వచ్చినం. గోండి వాచకాలు మూలకు పడ్డయి. ఇంట్లో గోండి, కొలామి, బడిలో తెలుగు, ఇప్పుడు ఐఈఎల్‌టీఎస్ రాయాలంటే ఇంగ్లీషు. బయటికి పోయే మన పిల్లలు మూడో భాషలోనో నాలుగో భాషలోనో పరీక్ష రాస్తున్నరు. ఇది తక్కువ సంగతి కాదు, దీన్ని అప్లికేషన్‌లో ఎట్ల వాడుకోవాలో కింద చెప్త.

ఇగ విదేశం పోయినోళ్ల సంగతి. హైదరాబాద్ నుంచి 1895లో సరోజినీ నాయుడు నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ పోయింది, కింగ్స్ కాలేజీ, గిర్టన్ కాలేజీల్లో చదివింది. వాళ్ల నాయన అఘోరనాథ్ చటోపాధ్యాయ నిజాం కాలేజీ పెద్ద. 1913లో అంబేద్కర్ బరోడా మహారాజు ఇచ్చిన సాయంతో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. ఆదివాసీల్లో చూస్తే రాంచీ దిక్కు ముండా బిడ్డ జైపాల్ సింగ్. ఆయనను ఒక పాదరీ ఇంగ్లండ్ తోలుకపోయిండు, ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చదివించిండ్రు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు కెప్టెన్ అయిండు. ఐసీఎస్ శిక్షణలో హాకీకి సెలవియ్యకుంటే ఐసీఎస్‌నే వదిలేసిండు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు ఆయనదే.

ముగ్గురూ గొప్పోళ్లే. కానీ ముగ్గురి వెనక ఒక రాజో, ఒక పాదరీయో, పలుకుబడి ఉన్న నాయనో ఉన్నడు. అటువంటి అండ లేని పిల్ల తెలివిగలదైనా ఊర్లనే ఉండేది. ఈ పద్ధతి మారింది 1954-55లో. ఆ ఏడు కేంద్రం జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. ఇగ రాజు అక్కర్లేదు, దరఖాస్తు ఫారం చాలు. ఇది చిన్న మార్పు కాదు. కానీ ఫారం అనంగనే మనకు పాత చిక్కే మళ్లా ఎదురైంది. సీటుందన్న కబురు గూడెం దాకా రావాలె, వచ్చినా గడువులోపల కాగితాలు చేతిలో ఉండాలె.

అట్లని మన జిల్లాలకు పాస్‌పోర్టు కొత్తదని కాదు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ దిక్కు ఊర్లల్ల ఇంటికో పాస్‌పోర్టు ఉంటది. గల్ఫ్ బాట పట్టి రెండు తరాలయింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసుకానోడి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తది. గల్ఫ్ వంటి దేశాలకు కూలికి పోవాలంటే వాడికి వేరే క్లియరెన్స్ కావాలె. పది పాసైతే ఆ అడ్డం లేదు. చదువుకూ పాస్‌పోర్టుకూ మధ్య గీత అక్కడనే ఉంది చూడండి. ఏజెంటు చేతిల పైసలు పెట్టి, అరబీలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేసి పోయినోళ్ల కష్టాలు మన పక్క ఊర్లల్ల అడిగితే చెప్తరు. చదువు కోసం పోయేవాళ్లను కూడా ఇప్పుడు కన్సల్టెన్సీలు అట్లనే చేస్తున్నయి, కాగితం మాకియ్యి, సంతకం పెట్టు, మిగతాది మేం చూసుకుంటమని. మీరు చదువకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక్క సెమిస్టర్ మాత్రమే పోవాలంటే దానికి దారి మీ కాలేజీ లోపలనే ఉంటది. 2022లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం మన యూనివర్సిటీకి, విదేశీ యూనివర్సిటీకి ట్విన్నింగ్ ఒప్పందం ఉంటే, అక్కడ సంపాదించిన క్రెడిట్లు 30 శాతం మించకుండా మన డిగ్రీలో కలుస్తయి. ఒప్పందం లేకుంటే అక్కడ సెమిస్టర్ చదివొచ్చినా ఇక్కడ ఆ సెమిస్టర్ మళ్లా రాయాల్సి రావొచ్చు. కాబట్టి శాతవాహనలో ఉన్నోళ్లు, బాసర ట్రిపుల్ ఐటీలో ఉన్నోళ్లు, ఎవరైనా సరే ముందు అడగాల్సింది, మన దగ్గర ఎక్స్చేంజ్ ఒప్పందం ఏ దేశంతో ఉంది, క్రెడిట్లు లెక్కకొస్తయా అని. నోటితో అడగొద్దు, రాసిచ్చి అడగండి, రాసిన జవాబు తీసుకోండి. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో 1998 నుంచి స్టడీ ఇన్ ఇండియా అనే కార్యక్రమం ఉంది, విదేశీ పిల్లలు వచ్చి ఒకటి రెండు సెమిస్టర్లు చదివి పోతరు. వాళ్లు ఇక్కడికొచ్చి మన పండుగలు, మన బతుకులు క్రెడిట్లుగా చదువుతున్నరు. ఇది విన్నప్పుడల్లా నాకు లండన్‌లోని ఆ ఫొటోలే యాదికొస్తయి.

సర్కారు స్కీములు మాత్రం సెమిస్టర్‌కు పైసలియ్యవు. డిగ్రీ అయినంక పీజీకి, పీహెచ్‌డీకి ఇస్తయి. కేంద్ర గిరిజన శాఖ విదేశీ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి దేశం మొత్తం మీద 20 సీట్లు. అందులో 17 ఎస్టీలకు, 3 ప్రత్యేకంగా పీవీటీజీలకు. 30 శాతం ఆడపిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు ఉండాలె. మన తెలంగాణలో పీవీటీజీలంటే చెంచు, కొండరెడ్డి, కొలాం, తోటి. ఈ నాలుగింట్ల రెండు మన ఆదిలాబాద్ గూడేలవే! కొలాం, తోటి పిల్లలు గ్రూపులో ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవండి.

రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 10 లక్షలతో మొదలై తర్వాత 20 లక్షలైంది. అప్లికేషన్ ఈపాస్‌లో. ఇక్కడ ఒక మెలిక ఉంది. పైసలు ముందే చేతికి రావు. అక్కడ దిగినట్టు కాగితం చూపిస్తే మొదటి విడత, మొదటి సెమిస్టర్ ఫలితం చూపిస్తే రెండో విడత. అంటే విమానం ఎక్కేదాకా పెట్టుబడి మనదే. ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనలేరు కాబట్టి దాన్ని హామీగా తీసుకోడానికి బ్యాంకులు చాలాసార్లు వెనకాడుతయి. 1/70 మీద కోపం తెచ్చుకోవద్దు, భూమి మిగిలిందే దానివల్ల. ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా విద్యారుణం ఇచ్చేందుకు కేంద్రం గ్యారంటీ స్కీం ఉంది, మేనేజరుకు ఆ పేరు చెప్పి అడగండి. నియమాలు, మార్కులు, ఆదాయ పరిమితులు మారుతుంటయి, ఆ ఏడాది నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి.

ఇగ మన పిల్లలకే ఎక్కువగా వచ్చే చిక్కు, ఇంటిపేరు. ఆత్రం, మడావి, సిడాం, మెస్రం, పెందూర్, తొడసం. పదో తరగతి మెమోలో ఒక ఇంగ్లీషు స్పెల్లింగ్, ఆధార్‌లో ఒకటి, కుల సర్టిఫికెట్‌లో ఇంకొకటి. కుమ్ర, కుమ్రం, కొమురం అని భీం పేరే ఇప్పటికీ ఒక్క తీరుగా రాయరు, ఇగ మన పేర్లెంత? పంతులు చెవికి ఎట్ల వినిపిస్తే అట్ల రాసిండు, అది మన మెడకు చుట్టుకుంది. ఇంటిపేరు మెమోలో ఒక్క అక్షరంగా మిగిలితే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ అయితది. అప్పుడు అమెరికా వీసా మీద పేరున్న చోట ఎఫ్ఎన్‌యూ అని పడతది, అంటే పేరు తెలియదని. పేరు మొత్తం విప్పి రాసి, పది మెమోను ఆధారం చేసుకొని మిగతావన్నీ దానికి సరిపోయేటట్టు దిద్దించుకోండి. దీనికి నెలలు పడతది, స్కాలర్‌షిప్ నోటిఫికేషన్ వచ్చినంక మొదలుపెడితే అందదు.

లెక్క వేసుకుంటే, సెప్టెంబరులో క్లాసులో కూర్చోవాలంటే రెండేండ్ల ముందు వేసవిలో పేర్లు దిద్దించుకోవాలె, పాస్‌పోర్టు తీసుకోవాలె. కరీంనగర్‌లో సేవా కేంద్రం ఉంది, ఆదిలాబాద్‌లో పోస్టాఫీసులోనే అయితది. ఏడాదిన్నర ముందు నుంచి ఇంగ్లీషు పరీక్షకు చదువు. ఏడాది ముందు, అంటే అంతకుముందటి సెప్టెంబరు నుంచి, యూనివర్సిటీలకు అప్లికేషన్లు. రికమండేషన్ లెటర్ ఇచ్చే సారుకు నెల ముందే చెప్పండి, మీరు ఏం చేసిండ్రో ఒక పేజీ రాసి ఇయ్యండి. ఆదాయ సర్టిఫికెట్ మాత్రం ఆ ఏడాదిదే కావాలె, అది ముందే తీసుకుంటే పనికిరాదు.

ఎస్ఓపీ గురించి ఒక్క మాట. మా ఇల్లు పేదది, మా నాయన కూలీ అని పేజీ మొత్తం నింపుతున్నరు. ఒక్క వాక్యం చాలు. మిగతా జాగాలో మీకు తెలిసింది రాయండి. గోండి, తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు అయిదు భాషల్ల మాట్లాడే పిల్ల భాషాశాస్త్రం చదువుత అంటే కాదనేటోళ్లు తక్కువ. పోడు చేసిన చేతులు అడవుల చదువుకు పోతమంటే అది అనుభవం కిందికే వస్తది. హైమన్‌డార్ఫ్ ఏండ్ల తరబడి మన మధ్య ఉండి నేర్చుకున్నది మీకు ఇంట్లనే వచ్చింది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. పది మెమో, ఆధార్, కుల సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు ఒక్కో అక్షరం పోల్చండి. తేడా ఉన్నోళ్లు కామెంట్ల కాదు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. సర్టిఫికెట్ ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు. ఎన్ని పేర్లయితయో చూసి, మీసేవకు ఒక రోజు అందరం కలిసి పోదాం.