శాన్ ఫ్రాన్సిస్కో అఖాతము: ఒక కమిషను కథ

సముద్రమును మెరక చేసి ఊరు కట్టుట క్రొత్త పని కాదు. ఏడు దీవులను కలిపి బొంబాయి నగరమును నిలిపినవారును, కట్టలు కట్టి సముద్రగర్భమును పొలముగా మార్చిన హాలెండు వారును ఆ పనిని గొప్పగానే చెప్పుకొనిరి. అట్టి పని ఇక చాలునని ఒక ప్రభుత్వము చట్టము చేసి, నీటికి కావలిగా ఒక కమిషనును నియమించుట మాత్రము క్రొత్త. అది 1965లో అమెరికా పడమటి తీరమున కాలిఫోర్నియా రాష్ట్రములో జరిగెను. ఆ కమిషను ఎట్లు పుట్టినది, పుట్టునప్పుడే దానికి నాలుగేండ్ల ఆయువు వ్రాసిన శాసనసభ తరువాత దానిని ఏల శాశ్వతము చేసినది అన్నదే మన ప్రసంగ విషయము.

ముందుగా ఆ నీటి స్వరూపము తెలిసికొనవలెను. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతము సముద్రపు పాయవలె కనబడును గాని నిజమునకది నదీముఖము. శాక్రమెంటో, శాన్ వాకీన్ అను నదులు సియెర్రా నెవాడా పర్వతముల మంచునీటిని తెచ్చి అందులో కలుపును. గోల్డెన్ గేట్ అను ఇరుకైన వాకిలి గుండ పసిఫిక్ మహాసముద్రపు పోటు దినమునకు రెండుసార్లు లోనికి వచ్చి, రెండుసార్లు వెనుకకు తీయును. మంచినీరును ఉప్పునీరును కలియు చోట్లు చేపలకు, వలసపక్షులకు పుట్టినిండ్లని మన కోరంగి, పులికాటు ప్రాంతముల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ అఖాతమున మూడింట రెండు పాళ్లు 18 అడుగుల లోతైనను లేదు. పక్షులకది మేతబీడు, స్థలముల వర్తకునికి మాత్రము అది సగము పూడిన ఇంటిస్థలముగా కనబడెను.

1848లో ఆ కొండలలో బంగారము బయటపడగానే లోకము నలుమూలల నుండి జనము విరుచుకొనిపడిరి. ఓడ నడపి తెచ్చిన నావికులు సైతము గనులకు పరుగెత్తగా యెర్బా బ్యూనా రేవున ఖాళీ ఓడలు గుంపులుగా నిలిచిపోయెను. కొన్నింటిని ఒడ్డునకు లాగి గిడ్డంగులుగా వాడుకొనిరి. వాని చుట్టును ఇసుక పోసి వీధులు వేసిరి. నియాంటిక్ అను అట్టి ఓడ యొక్క అవశేషములు 1978లో నగరము నడిబొడ్డున పునాదులు త్రవ్వుచుండగా బయల్పడెను. ఇంతలో కొండలమీద మరియొక విధమైన పూడిక బయలుదేరెను. గొట్టములతో నీటిని మహావేగముగా చిమ్మి, కొండచరియలను కరగించి బంగారము తీయుట వలన ఆ మట్టి నదుల వెంట దిగివచ్చెను. ఈ అఖాత సముదాయమున అట్లు పేరుకొనిన మట్టి నూరు కోట్ల ఘనగజములకు మించినదని గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1917లో లెక్కగట్టెను. దిగువ లోయలోని వారు మొరపెట్టుకొనగా, ఆ మట్టిని నదులలోనికి వదలరాదని 1884లోనే న్యాయమూర్తి లోరెంజో సాయర్ తీర్పు చెప్పియుండెను.

కొండమట్టిని న్యాయస్థానము ఆపగలిగినది గాని, ఒడ్డు నుండి వచ్చు మట్టిని ఆపువారు లేకపోయిరి. రాష్ట్రప్రభుత్వమే పోటునీటి భూములను చవుకగా అమ్మివేసెను. 1960 ప్రాంతమునకు అఖాతములో సుమారు ఐదవ వంతు తమదని ప్రైవేటు వ్యక్తులు, కంపెనీలు చెప్పుకొనుచుండిరి. రేవులకని కొంత, విమానాశ్రయములకని కొంత, ఉప్పుమళ్లకని కొంత కట్టకట్టి వేరుచేసిరి. మిగిలినచోట నగరముల చెత్త పోసిరి. 1850 ప్రాంతమున 787 చదరపు మైళ్లున్న అఖాతము 1965 నాటికి 548 చదరపు మైళ్లయ్యెను. ఇందులో ఎవరిదో ఒకరిది తప్పని చెప్పుట కష్టము. తొమ్మిది కౌంటీలు, ముప్పదికి మించిన పట్టణములు ఆ నీటిని చుట్టి యుండగా, ఏ పట్టణమునకు ఆ పట్టణము తన హద్దులోని ముక్కనే చూచెను. మన ఊరి చెరువు శిఖములోనికి ప్రతి రైతును ఒక్కొక్క గట్టు జరుపుకొనుచు పోయిన తరువాత, చెరువు ఎవరు మ్రింగిరని అడిగినచో ఎవరు పలుకుదురు?

1959లో అమెరికా సైనిక ఇంజనీర్ల శాఖ ఒక పటము తయారుచేసెను. పూడ్చుటకు వీలైన లోతు తక్కువ భాగములన్నియు 2020 నాటికి పూడిపోయినచో నడుమ మిగులునది కేవలము ఒక నదివంటి కాలువయని అందు కనబడెను. ఓక్లండ్ నగర పత్రికలో అచ్చయిన ఆ పటమును చూచి ఉలికిపడిన వారిలో శ్రీమతి కేథరిన్ కెర్ ఒకరు. ఆమె ఉండునది బర్క్లీ కొండల మీద. ఆ బర్క్లీయే రెండువేల ఎకరముల నీటిని మెరక చేసి, ఊరిని ఇంచుమించు రెండింతలు చేయదలచియుండెను. ఆమెయు, శ్రీమతి సిల్వియా మెక్‌లాఫ్లిన్, శ్రీమతి ఎస్తర్ గూలిక్ అను ఇరువురు స్నేహితురాండ్రును 1961 జనవరిలో ప్రకృతి సంరక్షణ సంఘముల పెద్దలను ఇంటికి పిలిచి ఈ సంగతి విన్నవించిరి. పెద్దలు సానుభూతి చూపిరి. మాకు అడవుల పని, మృగముల పని ఉన్నదనిరి. తమ సభ్యుల చిరునామాలిచ్చి, శుభము కలుగుగాకయని దీవించి వెడలిపోయిరి. కనుక ఆ స్త్రీలే సంఘము పెట్టవలసివచ్చెను. చందా ఒక్క డాలరు.

వీరిని సామాన్య గృహిణులని వ్రాయు వాడుక ఉన్నది గాని అది పూర్తిగా నిజము కాదు. కెర్ గారి భర్త కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడు. మెక్‌లాఫ్లిన్ గారి భర్త ఆ విశ్వవిద్యాలయ పాలక మండలి సభ్యుడు. గూలిక్ గారి భర్త అక్కడి ఆచార్యుడు. ఎవరి తలుపు తట్టవలెనో వారికి తెలియును, తట్టిన తలుపు తెరచుకొనును. అయినను తలుపు తట్టుట వేరు, ఏండ్ల తరబడి తట్టుచునే ఉండుట వేరు. కొలది సంవత్సరములలో బర్క్లీ తన ప్రణాళికను విడిచిపెట్టెను. ఒక ఊరు మానినంత మాత్రమున ప్రక్క ఊరు మానదని కూడ వారికి అప్పటికే బోధపడినది.

ఓక్లండ్ ప్రతినిధి నికొలస్ పెట్రిస్ పూడ్చివేతను ఆపించుటకు చేసిన తొలి ప్రయత్నము ఫలించలేదు. అప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో సెనేటరు యూజీన్ మెకటీర్ రంగమున ప్రవేశించెను. ఆయన లోకజ్ఞత గల రాజకీయవేత్త. నేరుగా నిషేధము కోరక, 1964లో ముందొక పరిశీలక సంఘమును వేయించి, తానే దానికి అధ్యక్షుడయ్యెను. మరుసటి జనవరిలో ఆ నివేదిక వచ్చెను. దాని వెంట ఇరువురి పేర బిల్లు వచ్చెను. బిల్లు శాసనసభలో నలుగుచున్న రోజులలో డాన్ షెర్‌వుడ్ అను రేడియో వ్యాఖ్యాత, కె.ఎస్.ఎఫ్.ఓ. కేంద్రము నుండి ప్రతి ఉదయము మాటలాడువాడు, మీ ప్రతినిధులకు వ్రాయుడని శ్రోతలను ప్రోత్సహించెను. రాజధానికి ఉత్తరములు కుప్పలుగా వచ్చెను. చిన్న సంచులలో ఇసుక నింపి సభ్యులకు పంపినవారును కలరు. ఈ షెర్‌వుడ్ పండితుడు కాడు. హాస్యములాడుచు పాటల రికార్డులు వేయువాడు. గంభీరోపన్యాసములు కూర్చుకొను మావంటి రేడియో ఉద్యోగులకు ఇది కొంత చిన్నతనమే అయినను, ఒప్పుకొనక తప్పదు. గవర్నరు ఎడ్మండ్ బ్రౌన్ సంతకము చేయగా చట్టము 1965 సెప్టెంబరు 17న అమలులోనికి వచ్చెను.

శాన్ ఫ్రాన్సిస్కో అఖాత సంరక్షణాభివృద్ధి కమిషనునకు సభ్యులు 27 మంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల వారు, కౌంటీల వారు, పట్టణముల వారు, వారితోపాటు ఏడుగురు పౌరులు. అంతవరకు నీటిని ముక్కలుగా చూచిన వారే ఒక బల్లచుట్టు కూర్చుండి మొత్తమును చూడవలసివచ్చెను. దాని పని అఖాతమునకు ఒక సమగ్ర ప్రణాళిక వ్రాసి 1969లో శాసనసభకు సమర్పించుట. చట్టములో ఇంతకన్న తెలివైన భాగము మరొకటి కలదు. ప్రణాళిక వ్రాయుచుండు కాలమున కమిషను అనుమతి లేక ఎవరును అఖాతమున తట్టెడు మట్టియైనను పోయరాదు. లోకమున పరిశీలక సంఘములకు కొదువ లేదు. అవి పరిశీలించుచుండగనే పరిశీలింపబడు వస్తువు కరగిపోవుట మనకు పరిపాటి. ఇచట మాత్రము నివేదిక పూర్తియగు దాక నీరు నిలిచియుండెను. మా ఉద్దేశములో ఈ కథకంతటికి ఇదియే కీలకము.

తొలి అధ్యక్షుడు మెల్విన్ లేన్ పత్రికా ప్రకాశకుడు, రిపబ్లికను పార్టీవాడు. డెమొక్రాటు గవర్నరు ఆయనను నియమించుట వలన ఇది వ్యాపారమునకు విరోధమను మాట కొంత చల్లబడెను. కార్యనిర్వాహకుడు జోసెఫ్ బోడోవిట్జ్ పూర్వము పత్రికా విలేఖరి. పోటుపాటులు, చేపలు, రేవులు, మెరకభూమికి భూకంపమువలన గలుగు ముప్పు, ఇట్లు ఒక్కొక్క విషయముపై సామాన్యులకు అర్థమగు భాషలో నివేదికలు వ్రాయించి, ఒకదానిపై సభ్యులు ఏకాభిప్రాయమునకు వచ్చిన పిదపనే రెండవదానికి పోయెడివాడు. కడపట తేలిన నియమములు సులభమైనవి. రేవువలె నీరు లేనిదే జరుగని పనికి మాత్రమే పూడ్పు. గట్టున చోటున్నచో పూడ్పు లేదు. పూడ్చినను కనీస పరిమాణము. ఒడ్డు నుండి నూరడుగుల వరకు కట్టడములకు అనుమతి కావలెను, ప్రజలు నీటి దాపునకు పోవుటకు దారి విడువవలెను.

1969లో గండము వచ్చెను. కమిషను ఆయువు తీరుచుండెను. చట్టమునకు పేరిచ్చిన మెకటీర్ 1967లోనే మరణించియుండెను. శాన్ బ్రూనో కొండను తవ్వి ఆ మట్టితో శాన్ మటేయో తీరమును మెరక చేయవలెనను పెద్ద కంపెనీలు ఎదుట నిలిచెను. మరల విన్నపములు, మరల సంతకములు. తుదకు గవర్నరు రోనాల్డ్ రీగన్, వ్యాపారస్వేచ్ఛను కోరు పక్షమువాడయ్యును, ఆ ఆగస్టు 7న కమిషనును శాశ్వతము చేయు బిల్లుపై సంతకము చేసెను. కాండిల్‌స్టిక్ దాపున నీటిలో స్థలము కొనిన ఒక సంస్థ, పూడ్చనీయకుండుట తన ఆస్తిని లాగికొనుటయేనని వ్యాజ్యము తెచ్చెను. మరుసటి సంవత్సరము అప్పీలు న్యాయస్థానము దానిని ఒప్పుకొనలేదు. 1972లో కాలిఫోర్నియా ప్రజలు తమ సముద్రతీరమంతటికి ఇట్టి కమిషనునే ఓటు వేసి తెచ్చుకొనినప్పుడు లేన్, బోడోవిట్జులే అందులోనికి పోయిరి. మన దేశమున పోటుగీత నుండి 500 మీటర్ల తీరమును అదుపులోనికి తెచ్చిన ఉత్తర్వు 1991లో వెలువడెను.

అడ్డుకొనుట చట్టమునకు చేతనగును. పోయిన దానిని తిరిగి తెచ్చుటకు ధనము కావలెను. 2003లో దక్షిణ భాగపు ఉప్పుమళ్లు 15,000 ఎకరములకు పైగా ప్రభుత్వపరమై, కట్టలు తెగగొట్టి పోటునీటిని లోనికి విడుచు పని ఆరంభమయ్యెను. ఫ్రీమాంట్, మిల్పీటస్, సన్నీవేల్ పట్టణములలో కాపురమున్న మన తెలుగువారు ఆ కట్టలమీదనే సాయంకాలము నడచుచుందురు. 2016లో తొమ్మిది కౌంటీల ప్రజలు స్థలమునకు ఏటికి 12 డాలర్ల చొప్పున ఇరువది ఏండ్లు పన్ను కట్టుటకు మూడింట రెండు వంతులకు మించిన ఓట్లతో ఒప్పుకొనిరి. కమిషను పుట్టిననాడు జనము నడువగల తీరము నాలుగు మైళ్లు. ఇప్పుడది మూడువందల మైళ్లు దాటినది.

నేడు ఆ కార్యాలయమున పని తలక్రిందులైనది. నీటిలోనికి నేల రాకుండ కాచుటకు పుట్టిన కమిషను, సముద్రమట్టము పెరుగుచుండగా నేల మీదికి వచ్చు నీటిని గూర్చి ఆలోచింపవలసివచ్చెను. పూర్వము పూడ్చిన పల్లపు భూములకే ముందు ముప్పు. 2023 నాటి చట్టము ననుసరించి 2024 డిసెంబరులో కమిషను ప్రాంతమంతటికి ఒక ప్రణాళికను ఆమోదించినది. ఒడ్డుననున్న ప్రతి పట్టణమును, కౌంటీయు దానికి అనుగుణముగా తన ప్రణాళికను 2034 జనవరి 1 లోపల సిద్ధము చేయవలెను.